తిరిగొస్తామన్న రుజువు

అమెరికా వలస చట్టంలోని ఒక సెక్షన్ మన ఇళ్ళలో చాలామందికి నంబరుతో సహా తెలుసు. అది 214(బి). వీసా అడిగే విదేశీయుడు అక్కడే స్థిరపడే ఉద్దేశంతో వస్తున్నాడని మొదట అనుకోవాలి, కాదని అధికారిని నమ్మించే భారం అడిగినవాడిదే అని దాని సారం. చట్టం 1952 నాటిది. 1990లో సవరించినప్పుడు హెచ్-1బీ ఉద్యోగ వీసాలను ఈ అనుమానం నుంచి మినహాయించారు. దాంతో ఏళ్ళ తరబడి ఉండి పనిచేయడానికి వెళ్ళే కూతురు తిరిగొస్తానని నిరూపించుకోనక్కర్లేదు. ఆమె కాన్పుకు మూడు నెలలు తోడుండి వచ్చేద్దామనుకునే తల్లి మాత్రం నిరూపించుకోవాలి.

చూసి రావడానికి వెళ్ళేవాళ్ళ వీసాల గురించి మన దగ్గర మాటలకు కొదవలేదు. స్లాటు ఎప్పుడు దొరుకుతుంది, బ్యాంకులో ఎంత చూపించాలి, ఇంటర్వ్యూలో ఏమడుగుతారు అని పెళ్ళిళ్ళలోనూ వాట్సాప్ గ్రూపుల్లోనూ అడుగుతూనే ఉంటారు. వీటన్నిటి వెనక ఉన్న అసలు ప్రశ్న మీద చర్చ తక్కువ. ఒక మనిషి తిరిగి వస్తాడో రాడో ముందుగా తెలుసుకోవడం ఎలా? తెలిసే మార్గం లేదు కాబట్టి ఒక్కో దేశం ఒక్కో పద్ధతి పెట్టుకుంది. వాటిలో ఏది న్యాయంగా ఉంది, ఏది మనిషిని అనవసరంగా చిన్నబుచ్చుతోంది, ఏది మోసగాళ్ళ చేతికి చిక్కింది అన్నది ఇక్కడ పరిశీలిస్తాను. పర్యాటకులు, బంధువుల కోసం వెళ్ళేవాళ్ళు, పదిరోజుల వ్యాపార పనుల మీద వెళ్ళేవాళ్ళు, ఇంతవరకే ఈ వ్యాసం పరిధి. రుసుములూ నిబంధనలూ తరచూ మారతాయి కనుక ప్రయాణం పెట్టుకున్నవారు ఆయా దేశాల అధికారిక సైట్లలో మళ్ళీ ఒకసారి చూసుకోవడం తప్పనిసరి.

ఈ కట్టుబాట్లు ఎప్పటినుంచో ఉన్నాయని అనిపిస్తుంది గానీ, ఇప్పటి రూపంలో వాటి వయసు నూరేళ్ళకు కాస్త ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు యూరప్‌లో చాలా దేశాల మధ్య పాస్‌పోర్టు లేకుండానే తిరిగేవారు. యుద్ధకాలంలో గూఢచారుల భయంతో పెట్టిన నిబంధనలు యుద్ధం ముగిశాక పోలేదు. 1920లో నానాజాతి సమితి పారిస్‌లో సమావేశం జరిపి పాస్‌పోర్టు పుస్తకానికి ఒక ఉమ్మడి నమూనా ఖరారు చేసింది. మన దేశంలోకి ప్రవేశించడానికి పాస్‌పోర్టు కావాలన్న చట్టం కూడా ఆ ఏడాదే వచ్చింది. 1924 చట్టంతో అమెరికా పరిశీలన పనిని తన రేవుల నుంచి పరదేశాల్లోని కాన్సులేట్లకు తరలించింది. ప్రయాణికుడు ఓడ ఎక్కకముందే అతని ఊళ్ళోనే ఆపేయవచ్చని అప్పటినుంచి ప్రభుత్వాలకు అర్థమైంది.

అంతకుముందు అందరికీ తలుపులు తెరిచే ఉన్నాయని మాత్రం అనుకోకూడదు. 1914 మే 23న కొమగతమారు ఓడ 376 మంది భారతీయులతో కెనడాలోని వాంకూవర్ చేరింది. వాళ్ళూ బ్రిటిష్ సామ్రాజ్య ప్రజలే, కెనడా కూడా ఆ సామ్రాజ్యంలోదే. అయితే స్వదేశం నుంచి మధ్యలో ఎక్కడా ఆగకుండా నేరుగా రావాలని 1908లో ఒక నిబంధన పెట్టారు. ఆసియా నుంచి వచ్చేవాళ్ళు చేతిలో 200 డాలర్లు చూపాలని మరొకటి. మన తీరం నుంచి అక్కడికి నేరుగా నడిచే ఓడ సర్వీసే లేదు. రెండు నెలలు ఓడలోనే కూర్చోబెట్టి, ఇరవై నాలుగు మందిని మాత్రం దిగనిచ్చి, జూలై 23న మిగతావాళ్ళను వెనక్కి పంపేశారు. కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పడానికి 2016 దాకా పట్టింది. ఈ ఉదంతం ఇక్కడ ఎందుకంటే, జాతి పేరు ఎత్తకుండా డబ్బునీ దారినీ అడ్డం పెట్టి మనుషుల్ని వడకట్టవచ్చని అది చూపించింది. ఈనాటి బ్యాంక్ స్టేట్‌మెంటు చూసినప్పుడల్లా నాకు ఆ 200 డాలర్లు గుర్తొస్తాయి.

స్వతంత్ర భారతంలో విదేశీ ప్రయాణం వ్యక్తి స్వేచ్ఛలో భాగమని సుప్రీంకోర్టు 1967లో సత్వంత్ సింగ్ సాహ్నీ కేసులో తేల్చింది. ఆ తీర్పు తర్వాతే ఇప్పుడున్న పాస్‌పోర్టు చట్టం వచ్చింది. 1978లో మేనకా గాంధీ కేసు ఆ హక్కును ఇంకా గట్టిపరిచింది. మన గడప దాటే హక్కును మన రాజ్యాంగం ఇవ్వగలదు. అవతలివాళ్ళ గడప తొక్కనివ్వాలా వద్దా అన్నది పూర్తిగా వాళ్ళ ఇష్టం. బ్రిటన్‌కు వెళ్ళే భారతీయులకు 1986 దాకా ముందస్తు వీసా అక్కర్లేదంటే నేటి కుర్రాళ్ళు నమ్మరు.

తెలుగువారికి అన్నిటికన్నా దగ్గరగా తగిలేది అమెరికా పద్ధతి. 2008లో బేగంపేట పైగా ప్యాలెస్‌లో కాన్సులేట్ తెరిచేదాకా మన వాళ్ళు ఇంటర్వ్యూ కోసం చెన్నై పోయేవారు. 2023 మార్చిలో అది నానక్‌రాంగూడలోని సొంత భవనంలోకి మారింది. సందర్శకుల వీసాను బీ1/బీ2 అంటారు. డీఎస్-160 ఫారం నింపి, 185 డాలర్లు కట్టి, వేలిముద్రలిచ్చి, అద్దం వెనక నిలబడ్డ అధికారితో కొద్ది నిమిషాలు మాట్లాడాలి. కట్టిన డబ్బు వీసా రాకపోయినా తిరిగి రాదు. వస్తే మనవాళ్ళకు సాధారణంగా పదేళ్ళకు ఇస్తారు. పద్ధతిలో ఉన్న ఉదారత అదే, కాదనలేం. రాకపోతే చేతికి ఒక అచ్చు కాగితం వస్తుంది. అందులో సెక్షన్ నంబరు ఉంటుంది గానీ, ఈ మనిషి విషయంలో అధికారికి ఏది నమ్మకం కలిగించలేదో ఉండదు. అప్పీలు లేదు. మళ్ళీ డబ్బు కట్టి మళ్ళీ నిలబడటమే దారి. కాన్సులేట్ అధికారి నిర్ణయంలో సాధారణంగా జోక్యం చేసుకోబోమని అమెరికా కోర్టులు ఎంతోకాలంగా చెబుతున్నాయి. 2024 జూన్‌లో మున్యోస్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇంకో మాట చేర్చింది. భర్తకు వలస వీసా నిరాకరించినప్పుడు అమెరికా పౌరురాలైన భార్యకు కూడా దాన్ని ప్రశ్నించే రాజ్యాంగ హక్కు లేదంది. భార్యకే లేనప్పుడు, చూసి రావడానికి వెళ్ళే అత్తమామల గురించి అడిగేదెవరు?

అధికారి ముందు మన పెద్దవాళ్ళు ఏం పెడుతున్నారో చూడండి. చార్టర్డ్ అకౌంటెంట్ రాసిచ్చిన ఆస్తుల విలువ పత్రం, ఇంటి దస్తావేజు నకలు, పట్టాదారు పాసుపుస్తకం, ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు, కొడుకు జీతం స్లిప్పులు. చాలాసార్లు అధికారి ఆ ఫైలు తెరవనే తెరవడు. తెరిచినా అది చెప్పగలిగేది ఒక్కటే, ఈ కుటుంబం ఖర్చు భరించగలదని. తిరిగి వస్తారా అన్న ప్రశ్నకు ఆస్తి జవాబు కాదు. డబ్బున్నవాళ్ళు ఉండిపోయిన సందర్భాలూ ఉన్నాయి, లేనివాళ్ళు నెల తిరక్కుండానే ఇంటి బెంగతో వచ్చేసిన సందర్భాలూ ఉన్నాయి. అరవై దాటిన తల్లిదండ్రుల్ని వెనక్కి లాగేవి వేరు. ఊళ్ళో ఉన్న ఇంకో కొడుకు, పాలేరుకు వదిలొచ్చిన గేదెలు, రోజూ సాయంత్రం గుళ్ళో కలిసే స్నేహితులు, అక్కడ నడిచి వెళ్ళడానికి చోటు లేక ఇంట్లోనే గడిచే పగళ్ళు. ఇవేవీ కాగితం మీదికి రావు. కాగితం మీదికి వచ్చేవాటికే విలువ కట్టే పద్ధతిలో అప్పు తెచ్చి డిపాజిట్ వేసి, వీసా రాగానే తీసేసే అలవాటు పుట్టింది. దాన్ని ఏర్పాటు చేసిపెట్టే మధ్యవర్తులూ పుట్టారు. నిజాయితీపరుడైన రైతు నష్టపోయేది, అతికించిన ఫైలు నెగ్గేది ఇక్కడే.

ఈ మధ్య పరిస్థితి ఇంకా బిగిసింది. వీసా గడువు తీరినవాళ్ళు ఇంటర్వ్యూ లేకుండా పత్రాలు ఇచ్చి వచ్చే డ్రాప్‌బాక్స్ సదుపాయాన్ని 2025 సెప్టెంబరు నుంచి బాగా కుదించారు. సొంత దేశంలోనో, నివాసమున్న దేశంలోనో తప్ప వేరే దేశానికి వెళ్ళి తొందరగా స్లాటు పట్టుకునే వీలును కూడా అదే నెలలో అడ్డుకున్నారు. 2025 జూలైలో చేసిన చట్టంలో 250 డాలర్ల అదనపు రుసుము కూడా చేరింది. నిబంధనలు పాటించి తిరిగి వచ్చినవాళ్ళకు అది వాపసు ఇవ్వవచ్చని అదే చట్టం అంటోంది.

డబ్బును నేరుగా హామీగా పెట్టించుకునే ఆలోచన కొత్తది కాదు. 2013లో బ్రిటన్ భారత్‌తో సహా ఆరు దేశాల సందర్శకుల నుంచి 3,000 పౌండ్ల పూచీకత్తు తీసుకోవాలని ప్రతిపాదించి, విమర్శలు రావడంతో ఆ ఏడాదే విరమించుకుంది. 2025 ఆగస్టులో అమెరికా మలావి, జాంబియా దేశాలతో మొదలుపెట్టి 15,000 డాలర్ల దాకా బాండు అడగడం ఆరంభించింది. భారతీయులకు అది వర్తించదు. వర్తించకూడదనే కోరుకుందాం. అంత డబ్బు కొన్నాళ్ళు పక్కన పెట్టగలిగినవాళ్ళకే మనవడి ముఖం చూసే యోగం దక్కుతుంది అప్పుడు.

అమెరికా వీసా విషయంలో మనవాళ్ళను ఎక్కువగా ఇబ్బంది పెట్టే అపోహ ఒకటుంది. పాస్‌పోర్టులో పదేళ్ళని ఉంటే పదేళ్ళూ ఎప్పుడైనా ఎన్నాళ్ళైనా ఉండవచ్చని అనుకుంటారు. వీసా అనేది విమానాశ్రయం దాకా వెళ్ళి లోనికి రానివ్వమని అడిగే అర్హత మాత్రమే. ఎన్నాళ్ళు ఉండాలో అక్కడి ఇమిగ్రేషన్ అధికారి ఆ రోజు నిర్ణయిస్తాడు, సాధారణంగా ఆరు నెలలు. ఆ తేదీ ఐ-94 అనే రికార్డులో ఉంటుంది, దాన్ని ఇంటర్నెట్‌లో చూసుకోవచ్చు. అది దాటితే పదేళ్ళ వీసా ఆ రోజుతోనే చెల్లకుండా పోతుంది. 180 రోజులకు మించి అక్రమంగా ఉండి వెళ్ళిపోతే మూడేళ్ళు, ఏడాది మించితే పదేళ్ళు ప్రవేశం నిషేధం. 1996 నుంచి ఉన్న నియమమిది. మనవడికి ఒంట్లో బాగాలేదనో చలికి ప్రయాణం వద్దనో పెద్దవాళ్ళు ఇంకో నెల ఉండాలనుకుంటే, గడువు లోపలే ఐ-539 ఫారంతో పొడిగింపు అడగాలి. గడువు దాటాక అడగడమంటే చేజేతులా భవిష్యత్తు ప్రయాణాలను మూసేసుకోవడమే.

యూరప్‌లో షెంజెన్ దేశాల పద్ధతి వేరు. లక్సెంబర్గ్‌లోని షెంజెన్ అనే చిన్న ఊళ్ళో 1985లో కుదిరిన ఒప్పందం 1995 మార్చిలో అమల్లోకి వచ్చింది. రుమేనియా, బల్గేరియాలు 2025 జనవరిలో పూర్తిగా చేరాక దేశాల సంఖ్య 29. ఐర్లండ్, సైప్రస్‌లు యూరోపియన్ యూనియన్‌లో ఉన్నా ఇందులో లేవు. ఒక్క వీసాతో అన్ని దేశాలూ తిరగవచ్చు గానీ, ఏ 180 రోజుల కాలాన్ని తీసుకున్నా 90 రోజులకు మించి ఉండరాదు. ఎక్కువ రోజులు ఉండబోయే దేశం దగ్గరే దరఖాస్తు చేయాలి. రోజులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశం దగ్గర. స్లాటు సులువుగా దొరికిందని ఒక దేశం వీసా తీసుకుని రోజులన్నీ మరో దేశంలో గడిపితే తర్వాతి దరఖాస్తులో చిక్కులొస్తాయి. పాస్‌పోర్టు పదేళ్ళ లోపు జారీ అయినదై, తిరుగు ప్రయాణం తర్వాత ఇంకో మూడు నెలలు చెల్లాలి. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. రుసుము 2024 జూన్ నుంచి 90 యూరోలు. వేలిముద్రలూ పత్రాలూ తీసుకునేది ప్రైవేటు కేంద్రాలు, నిర్ణయం మాత్రం కాన్సులేట్లది. ఈ తేడా చాలామందికి తెలియక, కేంద్రంలో అదనపు సేవలు కొంటే వీసా అవకాశం పెరుగుతుందనుకుంటారు. పెరగదు.

కాగితాల మోత ఇక్కడే ఎక్కువ. హోటల్ బుకింగులు, రోజువారీ ప్రణాళిక, సెలవు మంజూరు లేఖ, ఐటీ రిటర్నులు, ఆరు నెలల బ్యాంకు లావాదేవీలు అడుగుతారు. అయినా నాకు ఈ పద్ధతిలో ఒక గౌరవం కనిపిస్తుంది. నిరాకరిస్తే కారణం రాసిన ఫారం ఇవ్వాలి, అప్పీలు చేసుకునే హక్కు ఉండాలి అని 2009 నాటి వీసా కోడ్ చెబుతోంది. కోడ్‌లో లేని కారణంతో వీసా నిరాకరించడానికి వీల్లేదని యూరోపియన్ న్యాయస్థానం 2013లో ఒక ఇరాన్ పౌరుడు జర్మనీ మీద వేసిన కేసులో చెప్పింది. ఆ అప్పీలు ఏదో ఒక దశలో న్యాయస్థానం ముందుకు వెళ్ళగలగాలని 2017లో పోలండ్‌కు సంబంధించిన కేసులో తేల్చింది. ఫారం మీద గళ్ళల్లో టిక్కు పెట్టి ఇచ్చే కారణాలు చాలాసార్లు ముక్తసరిగానే ఉంటాయి. 2024లో మనదేశం నుంచి వెళ్ళిన దరఖాస్తులు 11 లక్షలు దాటితే, దాదాపు లక్షా 65 వేలు తిరస్కరణకు గురయ్యాయి. కడుపు మండే లెక్కే అది. కానీ ఎందుకు కాదన్నారో తెలిస్తే మనిషి సరిచేసుకోగలడు, పోట్లాడగలడు. కారణం చెప్పకుండా పంపేస్తే తనలోనే ఏదో లోపముందని కుమిలిపోతాడు. డెబ్బై ఏళ్ళ మాస్టారు "నా ముఖం చూసి దొంగననుకున్నాడు" అని బాధపడటం నేను విన్నాను.

బ్రిటన్ ఈ రెంటికీ మధ్యలో ఉంది. ఆరు నెలల సందర్శకుల వీసాకు రుసుము 2025 ఏప్రిల్‌లో 127 పౌండ్లయింది. ఇంటర్వ్యూ అరుదు, అంతా పత్రాల మీదే. నిరాకరణకు కారణాలు రాసి ఇస్తారు, అవి షెంజెన్ ఫారం కన్నా వివరంగానే ఉంటాయి. బంధువులను చూడబోయేవాళ్ళకు ఒకప్పుడున్న పూర్తి అప్పీలు హక్కును మాత్రం 2013లో తీసేశారు.

తల్లిదండ్రుల విషయంలో నేను మెచ్చుకునేది కెనడా సూపర్ వీసా. 2011 చివర్లో మొదలైంది. పిల్లలు అక్కడ పౌరులో శాశ్వత నివాసులో అయి ఉండాలి, వాళ్ళకు నిర్ణీత ఆదాయం ఉండాలి, పెద్దవాళ్ళకు లక్ష కెనడా డాలర్ల వైద్య బీమా, వైద్య పరీక్ష ఉండాలి. ఇవన్నీ సరిపోతే ఒక్కో రాకలో ఐదేళ్ళ దాకా ఉండవచ్చు. ఖర్చు తక్కువేం కాదు, అక్కడా తిరస్కరణలున్నాయి. ఆ పద్ధతి చేసిన మంచి ఏమిటంటే, తల్లిదండ్రులు పిల్లల దగ్గర ఎక్కువకాలం ఉండాలనుకోవడాన్ని మోసంగా కాకుండా సహజమైన కోరికగా ఒప్పుకుంది. ఒప్పుకున్నాక షరతులు స్పష్టంగా రాసింది. అమెరికాలో ఆ కోరికనే దాచిపెట్టి మాట్లాడమని పిల్లలే పెద్దవాళ్ళకు నేర్పాల్సి వస్తోంది. బీమా సంగతి కూడా చెప్పాలి. అమెరికా సందర్శకుల నుంచి బీమా అడగదు. అడగలేదు కదా అని మానేస్తే, అక్కడి ఆసుపత్రి బిల్లు కుటుంబాన్ని ఏళ్ళపాటు అప్పులో ముంచుతుంది. పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో చదివి తీసుకోవాలి.

తూర్పు వైపు చూస్తే ఊపిరి తేలికపడుతుంది. నేపాల్, భూటాన్‌లకు ఓటరు కార్డుతోనే పోవచ్చు. భూటాన్ 2022 నుంచి మనవాళ్ళ దగ్గర రాత్రికి 1,200 రూపాయల అభివృద్ధి రుసుము తీసుకుంటోంది. మలేసియా 2023 డిసెంబరు నుంచి మనకు 30 రోజులు వీసా లేకుండా రానిస్తోంది. థాయిలాండ్ 2023 నవంబరులో వీసా తీసేసి, 2024 జూలైలో ఆ గడువును 60 రోజులకు పెంచింది. 2025 మే నుంచి ప్రయాణానికి ముందే డిజిటల్ ఆగమన కార్డు నింపమంటోంది. బాలి వెళ్ళేవాళ్ళు దిగాక వీసా తీసుకోవచ్చు. పర్యాటకులు తెచ్చే డబ్బు కావాలనుకున్న దేశాలు తిరిగొస్తారా అన్న ప్రశ్న అంతగా అడగవు. ఒక పెద్ద దేశం వీసా చేతిలో ఉంటే మరికొన్ని తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. చెల్లుబాటయ్యే అమెరికా వీసా ఉన్నవాళ్ళను మెక్సికో వేరే వీసా లేకుండా రానిస్తుంది, తుర్కియే ఈ-వీసా ఇస్తుంది. ఒక దేశం అధికారి నమ్మితే ఇంకో దేశం కూడా నమ్ముతుంది. దాని రెండో ముఖం కూడా అంతే నిజం. ఒకచోట తిరస్కరణ జరిగితే, తర్వాత ఎక్కడ దరఖాస్తు చేసినా దాదాపు ప్రతి ఫారంలోనూ ఆ సంగతి అడుగుతారు. దాచకూడదు. తిరస్కరణకన్నా అబద్ధానికి శిక్ష ఎక్కువ.

వీసా చేతికొచ్చినంత మాత్రాన దారి పూర్తయినట్టు కాదు. రెండో పరీక్ష శంషాబాద్‌లోనే, విమానయాన సంస్థ కౌంటరు దగ్గర. పత్రాలు సరిలేని ప్రయాణికుణ్ణి తెస్తే సంస్థకు జరిమానా వేసే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. బ్రిటన్ 1987లో మనిషికి వెయ్యి పౌండ్లతో మొదలుపెట్టి తర్వాత రెండు వేలు చేసింది. అందుకే కౌంటరులోని ఉద్యోగి పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువుందా, తిరుగు టికెట్టుందా, దారిలో మారే విమానాశ్రయంలో ట్రాన్సిట్ వీసా కావాలా అని అంత పట్టుదలగా చూస్తాడు. ట్రాన్సిట్ దగ్గరే ఎక్కువమంది దెబ్బతింటారు. అమెరికా మీదుగా దక్షిణ అమెరికాకు పోవాలంటే విమానాశ్రయం దాటకపోయినా వీసా కావాలి. అంతకుముందున్న సడలింపును 2003 ఆగస్టులో ఆపేశారు. చవక టికెట్టు కొనేముందే ఏ ఊళ్ళో విమానం మారుతున్నామో చూసుకోవాలి. ఆఫ్రికా సఫారీలకు వెళ్ళేవాళ్ళు పసుపు జ్వరం టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి. 2016 జూలై నుంచి ఆ పత్రం జీవితాంతం చెల్లుతుంది. అది లేకుండా ఆ జ్వరమున్న దేశాల నుంచి తిరిగొస్తే మన సొంత విమానాశ్రయంలోనే నిర్బంధ వైద్య పరిశీలనలో ఉంచే అధికారం మన ప్రభుత్వానికి ఉంది.

మూడో పరీక్ష దిగిన చోట. ఎవరింటికి వచ్చారు, ఎన్నాళ్ళు, డబ్బెవరిది అన్న మూడు ప్రశ్నలకు ఇంటర్వ్యూలో ఇచ్చిన జవాబులే మళ్ళీ ఇవ్వాలి. ఇంగ్లీషు రాకపోతే తెలుగు దుబాసీని అడగడంలో తప్పు లేదు. రాని భాషలో అర్థం కాని ప్రశ్నకు అవునని తలూపడంలోనే ప్రమాదముంది.

ఇంతవరకూ చెప్పింది ఫైలు పట్టుకుని నిలబడగలిగిన కుటుంబాల సంగతి. తెలుగు నేలమీద సందర్శకుల వీసాకు ఇంకో చరిత్ర ఉంది, అది చీకటిది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి, గోదావరి జిల్లాల నుంచి, కడప నుంచి గల్ఫ్‌కు పోయేవాళ్ళలో పదో తరగతి దాటనివాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర ఉంటుంది. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం వాళ్ళు 18 దేశాల్లో పనికి వెళ్ళాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలి. ఒప్పందం, జీతం, యజమాని వివరాలు అప్పుడు నమోదవుతాయి. సందర్శకుడిగా పోయేవాడికి ఆ అనుమతి అక్కర్లేదు. ఆ సందులోంచే ఏజెంట్లు మనుషుల్ని విజిట్ వీసా మీద దుబాయ్ పంపి, అక్కడికెళ్ళాక పని వీసాగా మారుస్తామంటారు. మారితే అదృష్టం. మారకపోతే గడువు తీరి, రోజూ జరిమానా పడుతూ, పాస్‌పోర్టు ఇంకొకరి చేతిలో ఉండి, గల్ఫ్‌లో ఖల్లివెల్లి అని పిలిచే, పత్రాల్లేని మనుషులుగా మిగిలిపోతారు. ప్రమాదం జరిగినా, ప్రాణం పోయినా, ఎవరి దగ్గర పనిచేశాడో రుజువు చేసే కాగితమే ఉండదు. అధికారిక సహాయం అందాలంటే మొదట అడిగేది ఆ కాగితమే.

వీసాలు సులువైతే చాలు, కష్టాలు తీరతాయనే వాదాన్ని అందుకే నేను పూర్తిగా ఒప్పుకోలేను. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి కాంబోడియాకు పంపిన ఆంధ్ర యువకులను అక్కడ సైబర్ మోసాల గదుల్లో కూర్చోబెట్టిన సంగతిని విశాఖపట్నం పోలీసులు 2024 మే నెలలో బయటపెట్టారు. థాయిలాండ్ మీదుగా మయన్మార్‌లోని మోసాల శిబిరాలకు చేరినవారిలోనూ తెలుగువాళ్ళున్నారు. 2025 మార్చిలో మన వాయుసేన విమానాలు థాయిలాండ్‌లోని మే సోట్ నుంచి ఐదు వందల మందికి పైగా భారతీయులను తీసుకొచ్చాయి. ఇరాన్ 2024 ఫిబ్రవరిలో మనకు వీసా లేని ప్రవేశం ఇస్తే, ఉద్యోగాల పేరుతో, వేరే దేశాలకు దాటిస్తామనే పేరుతో మనవాళ్ళను అక్కడికి రప్పించి, అపహరించి డబ్బు గుంజిన ఉదంతాలు జరిగాయి. 2025 నవంబరు 22 నుంచి ఆ సదుపాయాన్ని ఆపేశారు. సెర్బియా కూడా మనకున్న వీసా లేని ప్రవేశాన్ని 2023 జనవరి 1న తీసేసింది. మోసగాడు చేసిన పనికి మామూలు పర్యాటకుడు తలుపు పోగొట్టుకుంటున్నాడు. ఆ ఏజెంట్ల మీద కేసులు పెట్టడం దగ్గర ఆగకుండా శిక్ష పడేదాకా నడపడం మన పోలీసుల పని, మన కోర్టుల పని. ఏ పరాయి కాన్సులేటూ దాన్ని చేసిపెట్టదు.

ఆతిథ్యమిచ్చే దేశంగా మనం ఎలా ఉన్నాం? 2014 నవంబరులో 43 దేశాలతో మొదలైన ఈ-వీసా ఇప్పుడు చాలా దేశాలకు విస్తరించింది. మొదట్లో సదుపాయమిచ్చిన విమానాశ్రయాల్లో హైదరాబాద్ ఒకటి. విదేశాల్లో పౌరసత్వం తీసుకున్న తెలుగువాళ్ళు సొంతూరికి రావడానికి ఓసీఐ కార్డు ఉంది. మొదటి కార్డులను 2006 జనవరిలో హైదరాబాద్ ప్రవాసీ భారతీయ దివస్‌లోనే ఇచ్చారు. అయితే రాజకీయం చెడితే మనమూ వీసానే పట్టుకుంటాం. 2023 సెప్టెంబరులో కెనడాలో వీసా సేవలు ఆపేసినప్పుడు ఇబ్బంది పడ్డవాళ్ళలో ఓసీఐ లేని మన పిల్లలూ ఉన్నారు. మనం నిరాకరించినప్పుడు కారణం రాసి ఇచ్చే అలవాటు మనకూ లేదు. ఇతరులను అడిగేముందు దీన్ని సరిచేసుకోవాలి.

వాణిజ్య ఒప్పందాల చర్చల్లో మన ప్రభుత్వం నిపుణుల వీసాల కోసం గట్టిగా పట్టుబడుతుంది. తల్లిదండ్రులూ పర్యాటకులూ ఆ బల్ల మీదికి రావడం తక్కువ. వాళ్ళ కోసం అడగవలసినది కొత్తగా కనిపెట్టనక్కర్లేదు, 2024 ఏప్రిల్‌లో యూరోపియన్ కమిషన్ ఒక దారి చూపించింది. మూడేళ్ళలో రెండు షెంజెన్ వీసాలు తీసుకుని, నిబంధనల ప్రకారం వాడుకుని తిరిగొచ్చిన భారతీయులకు రెండేళ్ళ బహుళ ప్రవేశ వీసా, దాన్ని కూడా సరిగ్గా వాడుకుంటే ఐదేళ్ళది. పొలం విలువ, డిపాజిట్ రసీదు వెనక్కి వెళ్ళి, మనిషి వచ్చి వెళ్ళిన తేదీలు ముందుకొచ్చాయి. అవి కొనేవి కావు, అద్దెకు తెచ్చేవి కావు. 2025 అక్టోబరులో అక్కడ మొదలైన ఎంట్రీ-ఎగ్జిట్ వ్యవస్థ ఆ తేదీలను ముఖచిత్రం, వేలిముద్రలతో సహా నమోదు చేస్తోంది. అమెరికా దగ్గరా ప్రతి సందర్శకుడి రాకపోకల లెక్క ఉంది. నాలుగుసార్లు వెళ్ళి నాలుగుసార్లూ గడువు లోపలే తిరిగొచ్చిన అమ్మమ్మ ఐదోసారి కిటికీ ముందు నిలబడినప్పుడు, ఆ లెక్కకు చట్టంలో ఒక విలువ ఉండాలని, కాదంటే కారణం రాసి ఇవ్వాలని ఢిల్లీ వాషింగ్టన్‌ను అడగాలి.